అరచేత్తో రేడియో విన్న బావ

నా నోటికి జడిసి మా ఊళ్ళో కొందరు దారి మార్చుకుని పోయేవాళ్ళు. మా బావ ఒక్కడు మాత్రం దారి మార్చుకుని మరీ నా దగ్గరికి వచ్చేవాడు. మా మేనత్త కొడుకు, నాకన్నా కొంచెం పెద్ద. వాళ్ళది రాజంపేట పక్కన పల్లె, మాది కోయిలకుంట్ల పక్కన. పెండ్లికో దినానికో కలిసేవాళ్ళం. దినాల్లో మేమిద్దరం పక్కపక్కన కూర్చోకూడదని మా నాయన కట్టడి చేశాడు. నేను సగం మాట అనేలోపల మిగతా సగం బావ అందుకునేవాడు. ఆ తర్వాత ఇద్దరం తువ్వాలలు నోట్లో కుక్కుకున్నా లాభం ఉండేది కాదు. చూసినవాళ్ళు మేము ఏడుస్తున్నామనుకుని ఓదార్చడానికి వచ్చేవాళ్ళు. దాంతో మా పని ఇంకా పాడయ్యేది.

బావ చదువులో గట్టివాడు. నేను రెండో ఫారంతో, అంటే ఏడో తరగతితో, ఆపేశాను. ఆపేశాననడం మర్యాద కోసం. అశోకుడు రోడ్లపక్క చెట్లెందుకు నాటించాడని అయ్యవారు అడిగితే, "మేకల కోసరం సార్, మా పక్క ఒక్కటీ మిగల్లేదు" అన్నాను. తరగతి అంతా నవ్వింది. అయ్యవారు నవ్వలేదు. అప్పటికే ఆయన దగ్గర నా ఖాతా నిండి ఉంది. బయటికి పొమ్మన్నాడు, నేను కొంచెం ఎక్కువ దూరం పోయాను, కర్నూలు దాకా.

కర్నూల్లో ఒక సాయిబు మైకుసెట్ల అంగడిలో కుదురుకున్నాను. పెండ్లిళ్ళకు, ఉరుసులకు, ఓట్ల మీటింగులకు మైకులు బాడుగకిచ్చే అంగడి. కొమ్ములు, అంటే మైకు బూరలు, కట్టడం, తీగలు లాగడం, రికార్డులు తిప్పడం, నడుమ నడుమ మైకు పట్టుకుని "తప్పిపోయిన పిల్లోని తల్లిదండ్రులు ఎక్కడున్నా రావలసింది" అని అరవడం నా పని. నోటికి జీతమిచ్చే కొలువు ఇంకోటి ఉంటుందని నేను అనుకోను. రాజధాని ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఊపిరాడని పని. అది హైదరాబాదుకు లేచిపోయాక సర్కారు ఆఫీసుల గుడారాలతోపాటు మీటింగులూ పోయాయి. సాయిబు ఖాళీ అంగడిలో కూర్చుని కొమ్ముల మీది దుమ్ము తుడుస్తూ ఉండేవాడు.

అలాంటి రోజుల్లో బావ ట్రంకుపెట్టెతో దిగాడు. పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది, కరెంటూ రేడియోలూ చదివే డిప్లొమా. బస్సు దిగిన మనిషిని చూసి నేను గుర్తుపట్టలేదు. ఊపిరితిత్తుల జబ్బు తగిలి, ఏడాది పొడుగునా సూదిమందు పొడిపించుకుని లేచిన మనిషి. చొక్కా లోపల ఇంకొకరికి చోటుంది.

"ఏం బావా, సగమే వచ్చినావు? మిగతా సగం తరువాతి బస్సులో వస్తాండాదా?" అన్నాను.

"లగేజీ ఛార్జి ఎక్కువని వదిలేసి వస్తినప్పా" అన్నాడు, నా మాట ముగియకముందే. ఇద్దరం బస్టాండులో పెట్టె మీద కూలబడి నవ్వాము. జబ్బు మనిషిని తిన్నది గానీ నవ్వును ముట్టుకోలేదనుకున్నాను.

పాతబస్తీలో నేనుండే గదిలోనే దిగాడు. పొద్దున జొన్నరొట్టె నేను కాల్చేవాడిని, బొరుగుల ఉగ్గాని బావ కలిపేవాడు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి ఆనాటి పాఠమంతా నాకు అప్పజెప్పేవాడు. అలా రెండో ఫారం దాటని నేను పాలిటెక్నిక్ చదువు చదివాను. ఎలక్ట్రానిక్సు అనే మాట అప్పుడు ఆ కాలేజీ గోడలకే కొత్త. మద్రాసులో చదివి వచ్చిన లెక్చరరు ఒకాయన ఉండేవాడు. తెల్ల ప్యాంటు, చేతికి ఎప్పుడూ తీగలు అతికే గుగ్గిలం వాసన. రేడియో పాఠాలన్నీ ఆయనవే.

ఆయన నేర్పిన ఒక పద్ధతి నాకు ఇప్పటికీ వచ్చు. మూగబోయిన రేడియోను బాగుచేసేటప్పుడు, లోపల గాజుబుడ్లలా నిలబడ్డ వాల్వుల్లో ఒకదాని నెత్తిమీద చిన్న టోపీ ఉంటుంది. దాన్ని వేలితో తాకాలి. స్పీకరు బుర్రుమంటే ఆ వాల్వు నుంచి స్పీకరు దాకా దారి బాగున్నట్టు. బుర్రుమనకపోతే జబ్బు ఆ నడుమనే ఉన్నట్టు. నాడి చూసినట్టే. తాకరానిది తాకితే మాత్రం మన నాడి ఇంకొకరు చూడాలి. బావ తాకే తీరు కొంచెం వేరుగా ఉండేది. కుడిచేతి వేలు వాల్వు మీద, ఎడమ అరచెయ్యి స్పీకరు కాగితం మీద ఆనించి, కండ్లు మూసుకునేవాడు.

"ఏం బావా, రేడియోకు సూలు పరీక్ష చేస్తాండావా? ఎన్నో నెల?" అనేవాడిని.

బావ కండ్లు తెరిచి, నా మొగం చూసి, ఒక్క క్షణం ఆగి నవ్వేవాడు. ఆ ఆగడాన్ని నేను పట్టించుకోలేదు. చదువు ఎక్కువైతే నవ్వు ఆలస్యమవుతుందేమో అనుకున్నాను.

మూడో ఏడు వచ్చేసరికి బావకు ఇంకో పిచ్చి పట్టింది. మనిషి చెయ్యి పడకుండా యంత్రం తనను తానే నడుపుకోవడం. లెక్చరరు ఆ సంగతి మొదలుపెడితే తక్కిన పిల్లలు కిటికీ బయట చూస్తూ కూర్చునేవారట, బావ మాత్రం ముందు బెంచీకి జరిగేవాడు. రిలే అని అగ్గిపెట్టంత వస్తువు. అందులో కొంచెం కరెంటు పారితే చిన్న ఇనుప నాలుక టక్కుమని అంటుకుని పెద్ద మోటారును నడిపిస్తుంది. బావ ఒక నూనెడబ్బాలో నీళ్ళు పోసి, నీళ్ళ మీద బెండు తేలేసి, నీళ్ళు అడుగంటితే మోటారు దానంతటదే ఆగి, నిండితే దానంతటదే తిరిగేటట్టు కట్టాడు. బావులెండే సీమలో నీళ్ళు లేకుండా మోటారు తిరిగితే కాలిపోతుంది కాబట్టి ఇది రైతులకు పనికొస్తుందని లెక్చరరు మెచ్చుకున్నాడు.

"దానంతటదే ఆగేదానికి ఇంత చదువెందుకు బావా? మా ఊరి ఆయిలింజను ఒక్క అక్షరం ముక్క రాకుండానే రోజూ దానంతటదే ఆగిపోతాది" అన్నాను.

"దానంతటదే మొదలైతాదా?"

"దానికి మా నాయన తిట్లు గావాల."

"అదేనప్పా, మీ నాయన బదులు ఈ రిలే" అన్నాడు. నా పక్కకు తిరిగి, నా పెదవుల మీదనే చూపు పెట్టి.

ఆ డబ్బా మీద బావ బల్బులు పెట్టాడు. రిలే పడితే ఎర్ర బల్బు, లేస్తే పచ్చ బల్బు, మోటారు తిరిగితే ఇంకొకటి. ఎక్కడ చప్పుడు వస్తుందో అక్కడల్లా ఒక బల్బు. వర్క్‌షాపు మొహరం నాటి చిన్న పీర్లచావిడిలా వెలిగింది. లెక్చరరు పిల్లలందరినీ పిలిచి చూపించాడట. "ఫ్యాక్టరీ రొదలో రిలే టక్కుమంటే ఎవడికి వినపడుతుంది? కంటికి కనబడాలి. ఇతను ముందుగా ఆలోచించాడు చూడండి" అన్నాడట. ఆ మాట బావ నాకు చెప్పి, ఎందుకో తల దించుకున్నాడు. పొగిడితే సిగ్గుపడ్డాడనుకున్నాను.

మా చెల్లెలు బావకేనని అది పుట్టిన రోజునే పెద్దవాళ్ళు అనుకున్నారు. అది పెద్దదయ్యాక బావ మా ఇంటికి వస్తే గడప అవతలే నిలబడి మజ్జిగ చెంబు లోపలికి జరిపేది. బావ చెంబు చూసి నవ్వేవాడు. వాళ్ళ నడుమ నడిచిన కథ అంతే. ఆ యేడు ఎండాకాలం ముందర నేను ఊరికి పోయినప్పుడు, మా నాయన దాన్ని ఇస్తామని రాయచోటి వాళ్ళకు మాట ఇచ్చి వచ్చి కూర్చున్నాడు.

"వానికి ఎదరోగం వచ్చిపోయింది. మళ్ళా రాదని రాసిచ్చేటోడు ఎవుడు?" అన్నాడు నాయన. అమ్మ అవునన్నట్టు తల ఊపింది. చెల్లెలు వడ్లు చెరుగుతూనే ఉంది. చేట మాత్రం ఖాళీగా ఉంది.

"పొయ్యి నువ్వే చెప్పు. నీ నోరంటే వానికి శానా ఇది గదా" అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

కర్నూలు చేరేసరికి మధ్యాహ్నం. బావ కాలేజీ వర్క్‌షాపులో ఉన్నాడు. సెలవు రోజు కాబట్టి లోపల ఇంకెవరూ లేరు, వసారాలో ఇద్దరు పిల్లలు మోటారుకు తీగ చుడుతున్నారు. బావ బల్ల ముందర వంగి కాలే సోల్డరింగు కాడతో తీగలు అతుకుతున్నాడు. నన్ను చూసి మొగమంతా వెలిగి, పక్కనున్న స్టూలు కాలితో జరిపాడు. చేతిలోని పని ఆపలేదు.

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊళ్ళో సంగతులు కొన్ని చెప్పాను. బావ తల ఊపుతూ ఉన్నాడు. తర్వాత నేలవైపు చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేశాను.

"చెల్లెల్ని రాయచోటోళ్ళకు ఇస్తాండారు బావా. నాయన మాట ఇచ్చేసినాడు. నీకు జబ్బు చేసిండేదానికి అమ్మ గూడ భయపడింది. నేను ఏం చేసేదానికి లేకపాయ."

చెప్పి ఆగాను.

బావ పకపకా నవ్వాడు. భుజాలు ఊగేటట్టు, వెనక్కి వాలి నవ్వి, కాడ పక్కనపెట్టి నా తొడ మీద చరిచాడు.

"నువ్వు మారవప్పా, ఈ జన్మకు మారవు" అన్నాడు. కండ్లు తుడుచుకుని, కాడ తీసుకుని, మళ్ళీ తీగ మీదికి వంగాడు.

మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత బాధను దాచుకోవడానికి నవ్వాడేమో అనిపించింది. కానీ బాధపడేవాడి వేళ్ళు అంత నిదానంగా ఉండవు. గుగ్గిలం పొగ లేస్తోంది, బావ దాన్ని నోటితో ఊదుతూ, ఈలకు పెదవులు సున్నా చుట్టినట్టు పెట్టి హాయిగా పని చేసుకుంటున్నాడు. నాకు ఒక అనుమానం తగిలింది. లేచి మెల్లగా ఆయన వీపు వెనక్కి పోయి నిలబడ్డాను.

"బావా" అన్నాను.

తీగ అతికాడు.

"బావా!"

ఇంకో తీగ తీసుకుని కొన గీకుతున్నాడు.

నా గొంతు మైకు లేకపోయినా పది ఇండ్లకు వినబడే గొంతు. ఉన్న బలమంతా పెట్టి "బావా!" అని అరిచాను. వసారాలో ఇద్దరు పిల్లలు ఉలిక్కిపడి తలలు లోపలికి పెట్టి చూశారు. బావ తీగ కొనను వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాడు.

ముందుకు వచ్చి నిలబడ్డాను. నా మొగం చూసి ఆయన చేతిలో కాడ ఆగింది. తర్వాత కాడను దాని ఇనుప పీట మీద జాగ్రత్తగా ఆనించి, గడ్డం రుద్దుకున్నాడు.

"తెలిసిపాయనా?" అన్నాడు.

"ఎప్పటినుంచి?" నోటితో అని, చేత్తోనూ అడిగాను.

"కుడి చెవి సూదులు పొడిచేటప్పుడే పాయ. చెవిలో గుయ్యిమంటే చెప్పమని డాక్టరు చెప్పినాడు. గుయ్యిమన్నింది. చెప్తే సూదులు ఆపేస్తారు, ఆపితే సస్తా. అందుకే నోరు మూసుకుంటి. ఎడమది ఈడికొచ్చినాంక పాయ. కొంచెం కొంచెంగా. ఇప్పుడు వాన పడినా నాకు మూగవానే."

"మరి నేను చెప్పినప్పుడల్లా నవ్వుతివే?"

బావ నా వైపు చూడలేక బల్ల వైపు చూశాడు. "నీ నోరు ఆగినప్పుడు నవ్వుతానప్పా. నువ్వు ఆగినావంటే జోకు అయిపోయినట్టే గదా. ఇన్నాండ్ల నుంచి చూస్తాండా, ఎప్పుడూ తప్పు పోలేదు."

నేను స్టూలు మీద కూలబడ్డాను. మూడేండ్లలో నేనన్న మాటల్లో ఎన్ని ఆయనకు చేరాయో, ఎన్ని గాలికి పోయాయో లెక్క వేసుకోవడానికి ధైర్యం చాలలేదు.

"ఇంతకూ ఇప్పుడు ఏం చెప్తివి?" అన్నాడు బావ, ఇంకా పెదవుల మీద కొంచెం నవ్వు మిగిలి ఉంది.

అదే మాట మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఈసారి ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క ముక్క విడదీసి, పెదవులు సాగదీసి. చెడ్డమాటను గబుక్కున చెప్పేస్తే చెప్పేవాడికి కొంచెం సులువు. ఆ సులువు నాకు దొరకలేదు. చెల్లెలు అన్నాను, ఆయన తల ఊపాడు. రాయచోటి అన్నాను, అర్థం కాలేదు, మళ్ళీ అన్నాను. అర్థమైంది. ఆ మిగిలిన నవ్వు మొగంలోంచి ఎటు పోయిందో నేను కండ్లారా చూశాను.

"పిల్లోడు మంచోడేనా?" అన్నాడు.

"నేను చూల్లేదు."

"చూసి రా. రాయచోటి ఏమంత దూరం." కాడ మళ్ళీ చేతికి తీసుకున్నాడు, దాని మొన చల్లారిపోయింది. "నాకు ఆ రేడియో కొలువు ఒకటి రావల్లప్పా. ఈ చెవుల సంగతి ఎవురికీ చెప్పాకు. ఇంగ నాకుండేది అదొక్కటే."

ఊరూరా పంచాయతీలకు సర్కారు రేడియోలు ఇస్తున్న కాలం అది. అవి చెడిపోతే తిరిగి బాగుచేసే మెకానిక్కులను డిప్లొమా చదివినవాళ్ళలోంచి తీసుకుంటారని కాలేజీలో అందరికీ తెలుసు. బావకు కావలసింది ఆ పని. మోటార్లు కాదు, ఫ్యాక్టరీ కాదు. రేడియో. ఎందుకని నేను అడగలేదు. ఎడారిలో పడవ నడపాలనుకునేవాణ్ణి అడిగినట్టు ఉంటుందని.

ఆ రోజు నుంచి నేను బావకు స్వరం లేని పాటగాణ్ణయ్యాను. అంగడిలో పని లేనప్పుడు ఎదురెదురుగా కూర్చుని, గొంతు లేకుండా పెదవులతో మాట్లాడేవాడిని. ఆయన చదివేవాడు. మామ, పాప, బాబా మూడూ నా మూతి మీద ఒకేలా ఉన్నాయని విసుక్కునేవాడు. "నీ మీసం గొరిగించుకో, పాఠం మీద గడ్డి మొలిచినట్టుండాది" అన్నాడు. మరునాడే గొరిగించుకున్నాను. సాయిబు గడ్డం నిమురుకుంటూ చూసేవాడు.

"అరే, ఇదేం దుకాణంరా! మైకులు బాడుగకిచ్చే జాగాలో మూగోళ్ళ ఇస్కూలు పెట్టినారు" అనేవాడు. అంటూనే మా ఇద్దరికీ చాయ్ తెప్పించేవాడు.

బావ త్వరగా నేర్చుకున్నాడు. వాన, బస్సు, పరీక్ష, అన్నం, కరెంటు, అన్నీ పట్టుకునేవాడు. జోకు ఒక్కటే పట్టుబడేది కాదు. జోకుకు ప్రాణం పరుగులో ఉంటుంది. నేను నిదానంగా విడదీసి చెప్పి, ఆయన కూడగట్టుకుని అర్థం చేసుకునేసరికి అది చల్లారిన ఉగ్గానిలా ముద్ద కట్టేది. అయినా మర్యాదకు నవ్వేవాడు. ఆ మర్యాద నవ్వు విన్నప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది. కొన్నాళ్ళకు నేను ఆయనకు జోకులు చెప్పడం తగ్గించాను. తగ్గించానని ఆయనకు తెలిసింది.

ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి మూగ రేడియో ఒకటి ముందర పెట్టాడు. బావ వేలు వాల్వు మీద, అరచెయ్యి స్పీకరు మీద పెట్టి, జబ్బు ఎక్కడుందో పట్టేశాడు. ప్రశ్నలు అడిగేటప్పుడు వెలుతురు ఆ అధికారి మొగం మీద పడేటట్టు తాను కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. పాసయ్యాడు. గదికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు, మైకుసెట్టు తగిలించి వీధంతా వినబడేటట్టు చెబుదామని లేచాను. ఎవరికి వినబడాలో గుర్తొచ్చి కూర్చున్నాను.

కొలువుకు పిలుపూ వచ్చింది. అందులో చివరి మాట, డాక్టరు దగ్గర ఒళ్ళు చూపించుకోవాలని.

చెవుల పరీక్ష ఎలా ఉంటుందో ముందు పోయివచ్చినవాడు ఒకడు చెప్పాడు. గదిలో ఒక మూల కిటికీ వైపు తిరిగి నిలబడాలి. డాక్టరు వెనకాల అవతలి గోడ దగ్గర నిలబడి, అట్ట ఒకటి నోటికి అడ్డం పెట్టుకుని గుసగుసగా ఏదో అంటాడు. అన్నదాన్ని మళ్ళీ అనాలి.

"కిటికీ వైపు తిరగమంటారా?" అన్నాను నేను.

"ఊఁ" అన్నాడు వాడు.

"కిటికీ బయట ఏముండాది?"

"ఖాళీ జాగా. కానుగ చెట్టు."

నేను బావ వైపు చూశాను. బావ నా పెదవుల వైపు చూశాడు. ఆ ఒక్కసారి మాత్రం పాత రోజుల్లోలా నేను సగం చెప్పకముందే ఆయనకు అర్థమైపోయింది.

"వద్దప్పా, దొరికితే ఇద్దర్నీ తంతారు" అన్నాడు. అంటూనే కండ్లలో పాత వెలుగు వచ్చింది.

"కానుగ చెట్టు కింద పండ్లు తోమే పుల్ల నములుకుంటా నిలబడేదానికి ఎవుడు తంతాడు? డాక్టరు చెప్పేది నేను వింటా, నేను చెప్పేది నువ్వు చూస్తావు, నువ్వు చూసింది ఆయనకు చెప్తావు. ఇదీ ఒక రిలేనే గదా బావా."

ఆ మాట ఆయనకు ఒక్కసారికే అందింది. నిజమైన నవ్వు నవ్వాడు. చాలాకాలానికి విన్నాను. సాయిబు సంగతి తెలుసుకుని తల పట్టుకున్నాడు. "ఒకనికి చెవులు, ఒకనికి డిగ్రీ. ఇద్దరూ కలిస్తే ఒక్క మనిషి అయితారు. పోండ్రి, అల్లా చూసుకుంటాడు" అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున నేను కానుగ చెట్టు కింద, పుల్ల నోట్లో పెట్టుకుని ఉన్నాను. కిటికీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బావ వచ్చి కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. వెనకాల అవతలి గోడ దగ్గర డాక్టరు, నడివయసు మనిషి, చేతిలో అట్ట. పక్కన కాంపౌండరు ఒకడు.

"తయారేనా?" అన్నాడు డాక్టరు మామూలు గొంతుతో. నాకు వినబడింది. పెదవులతో అందించాను. "తయారే సార్" అన్నాడు బావ.

డాక్టరు అట్టను నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను చెవులు రిక్కించాను. కానుగ ఆకులు గలగలమన్నాయి. రోడ్డు మీద జట్కా పోయింది. అవి వినబడుతున్నాయి. డాక్టరు కనుబొమలు కదిలాయి, గొంతు దగ్గర ఎముక కదిలింది. అంటే చెబుతున్నాడు. నాకు ఏమీ వినబడలేదు.

ఇంకొంచెం కిటికీ దగ్గరికి జరిగాను. డాక్టరు మళ్ళీ అన్నాడు. కాంపౌండరు నా కన్నా దూరంగా, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడికి వినబడినట్టే ఉంది, బావ జవాబు కోసం తల తిప్పి చూస్తున్నాడు. నాకు మాత్రం చెవుల్లో ఒక సన్నటి ఈల. ఆ ఈల నాకు కొత్తది కాదు. ఏండ్ల తరబడి కొమ్ముల కింద నిలబడి పనిచేసి గదికి వచ్చిన ప్రతిరోజూ అది ఉండేది. పొద్దునకు పోతుందనుకునేవాడిని. పోయిందో లేదో ఎప్పుడూ చూసుకోలేదు. గుసగుసలు వినవలసిన అవసరం మైకు మనిషికి ఎప్పుడొస్తుంది?

బావ నా నోటివైపే చూస్తున్నాడు. ఎంత నమ్మకంగా చూశాడో చెప్పడం నావల్ల కాదు. నాలుక మీద మాటలేని స్థితి నాకు పుట్టిన తర్వాత అదే మొదటిసారి. డాక్టరు మూడోసారీ అన్నాడు. ఊరికే ఉండలేక, ఏదో ఒకటి అనాలి కాబట్టి, పరీక్షల్లో ఊళ్ళ పేర్లు అడుగుతారని ఎక్కడో విన్న గుర్తుతో, పెదవులతో "నంద్యాల" అన్నాను.

"నంద్యాల" అన్నాడు బావ, గట్టిగా, నిటారుగా నిలబడి.

కాంపౌండరు పుసుక్కున నవ్వాడు. డాక్టరు అట్ట కిందికి దించాడు. ఆయన అన్నది ఏదో అంకె అని తర్వాత తెలిసింది. ఆయన నవ్వలేదు. డాక్టరు బావ వెనక దాకా నడిచివచ్చి, బావ భుజం మీదుగా కిటికీలోంచి నన్ను చూశాడు. పెదవులు కదిలాయి. ఏదో అడిగాడు.

"ఆఁ?" అన్నాను నేను.

డాక్టరు మళ్ళీ అడిగాడు, మెల్లగానే.

"ఆఁ సార్? కొంచెం గట్టిగా."

ఆయన మొగంలో ఏదో మారింది. కోపం అనుకున్నాను, కాదు. ఈసారి గట్టిగా అడిగాడు. "ఏం పని చేస్తావయ్యా నువ్వు?"

"మైకుసెట్టు సార్."

"కొమ్ముల కిందేనా నిలబడేది?"

"అవును సార్."

"నువ్వు కూడా ఒకసారి లోపలికి రా" అన్నాడు. "చూపించుకుని పో."

ఇద్దరినీ తన్నలేదు. బావను కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల్లో దీపం పెట్టి చూసి, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడాడు. ఆయనకు ఆ తీరు తెలుసు, పెదవులు విడివిడిగా కదిపాడు. చదువుకు, చేతిపనికి ఏ లోపమూ లేదని, అయినా ఈ కొలువుకు సంతకం పెట్టలేనని. బావ అంతా చూసి, "సరే సార్" అన్నాడు. డాక్టరు నన్ను చెవుల్లో దూది పెట్టుకోమన్నాడు, ఆ పని మానేస్తే మంచిదన్నాడు. మానేసి ఏం చేయాలో చెప్పలేదు. అది ఆయన పని కాదు.

బయటికి వచ్చి నడుస్తున్నాము. "బావా, నాకు వినపడలేదు" అన్నాను, ఆయన ముందుకు పోయి, వెనక్కి నడుస్తూ, మొగం కనబడేటట్టు. "నిజంగా వినపడలేదు."

"తెలుసప్పా, నీ మొగం చూస్తే తెలిసిపాయ" అన్నాడు. కొంచెం దూరం నడిచాక మళ్ళీ, "నీ చెవులన్నా చూసుకో. కొమ్ముల కింద నిలబడాకు. నాలుగు మూరలు అవతల నిలబడు" అన్నాడు. తన కొలువు గురించి ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

బావ రాజంపేటకు పోయి, మోటార్లకు తీగలు చుట్టే షెడ్డులో కుదిరాడు. మంచి పనివాడని పేరు. అక్కడ యంత్రాల రొదలో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. ఆయన అందరిలో ఒకడిలాగే ఉన్నాడు. రేడియో ఎవరు తెచ్చి ముందర పెట్టినా ముట్టుకోడని విన్నాను.

ఏడాదికోసారి పోయి చూసి వస్తాను. షెడ్డు బయట నాపబండ మీద ఇద్దరం కూర్చుంటాము. "ఏమన్నా చెప్పప్పా" అంటాడు, నా మొగానికి ఎదురుగా తిరిగి. నా నోటినిండా జోకులుంటాయి. కర్నూలు మొదలుకుని రాజంపేట దాకా బస్సులో ఒక్కొక్కటే ఏరుకుని తెచ్చుకున్నవి. ఏది మొదలుపెట్టాలా అని చూస్తాను. దేన్ని విడదీసినా అది అక్కడే చస్తుంది.

"ఈసారి మా పక్క వాన లేదు బావా" అంటాను, ఒక్కొక్క ముక్కగా.

"మాకూ లేదప్పా" అంటాడు.